దారంతా సైకిలుదే!

అటు పొద్దుతిరుగుడు చేలు, ఇటు కోతకొచ్చిన గోధుమ. మధ్యలో ఓ సన్నటి తారురోడ్డు. గుట్ట ఎక్కి దిగుతుంది, మళ్లీ ఎక్కి దిగుతుంది... కనుచూపు మేరా అంతే. అరగంట నుంచీ ఒక్క కారూ రాలేదు. వినిపిస్తున్నదల్లా సైకిలు గొలుసు చప్పుడు, ఎక్కడో ట్రాక్టరు మోత. ఫ్రాన్సు అనగానే ఈఫిల్ టవర్ గుర్తొచ్చేవాళ్లకి ఇది మరో ఫ్రాన్సు. సైకిలు ప్రియులు దేశదేశాల నుంచి వెతుక్కుంటూ వెళ్లే ఫ్రాన్సు. అయితే ఆ దారులు అంత ప్రశాంతంగా ఎందుకున్నాయో తెలిస్తే మాత్రం మనసు కాస్త చివుక్కుమంటుంది.

జులై వస్తే చాలు, టూర్ డి ఫ్రాన్స్ పందెం మొదలవుతుంది. ఆ మూడు వారాలూ రోడ్ల పక్కన తిరునాళ్లే. హెలికాప్టర్లు, ప్రచార రథాలు, జెండాలు, కేకలు. ఆ హడావుడి దాటిపోయిన మర్నాడు అదే రోడ్డు మీదికి వెళ్తే పిట్ట కూడా కనిపించదు. నిజానికి ఏడాదిలో మిగతా రోజులన్నీ అక్కడ అంతే. సైకిలు మీద ఊళ్లు చూడాలనుకునేవాళ్లకి కావలసింది ఆ రోజులే.

ఫ్రాన్సు విస్తీర్ణం ఐదున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు రెండూ కలిపినా అందులో సగమే. జనాభా మాత్రం ఏడు కోట్లలోపే. 2011 లెక్కల ప్రకారం మన రెండు రాష్ట్రాల జనాభా ఎనిమిదిన్నర కోట్లు! రెట్టింపు నేల మీద మనకన్నా తక్కువ మంది. అందులోనూ ఎక్కువ మంది పారిస్, లియాన్, మార్సే, టూలూజ్ లాంటి నగరాల్లోనే సర్దుకున్నారు. ఇక పల్లెల్లో మిగిలిందెవరు?

అయినా రోడ్లు మాత్రం అక్కడ అన్నివైపులా ఉన్నాయి. దేశం మొత్తం మీద పదకొండు లక్షల కిలోమీటర్ల రోడ్లుంటే అందులో మోటారు వాహనాలకే పరిమితమైన ఎక్స్‌ప్రెస్ దారులు పన్నెండు వేల కిలోమీటర్లు. లారీలూ వేగంగా వెళ్లే కార్లూ వాటి మీదికే పోతాయి. మిగిలినవాటిలో జిల్లాల అధీనంలోని రోడ్లే 3.8 లక్షల కిలోమీటర్లు. వాటి నంబరుకి ముందు ‘డి’ అనే అక్షరం ఉంటుంది కాబట్టి సైకిలువాళ్ల నోట అవి ‘డి రోడ్లు’. ఆ తర్వాత ఊరికీ ఊరికీ మధ్య వేసిన చిన్నదారులు... అవి మరో ఏడు లక్షల కిలోమీటర్లు!

డి రోడ్డుని గుర్తుపట్టడం సులువు. పక్కనే పసుపు టోపీ పెట్టుకున్న తెల్లటి కిలోమీటరు రాయి ఉంటుంది. ఎర్ర టోపీ ఉందంటే అది జాతీయ రహదారి. అటువైపు వెళ్లకపోవడమే మంచిది.

ఏ దారి ఎంచుకోవాలో చెప్పడానికి ఇప్పుడు ఫోన్లున్నాయి. అయినా అనుభవజ్ఞులు మాత్రం మిషెలిన్ వారి కాగితం మ్యాపుని వదలరు. కారణం ఉంది. అందులో పెద్ద రోడ్లు ఎర్రగా, మధ్యరకం పసుపుగా, చిన్నవి తెల్లగా ఉంటాయి. దారి అంచున ఆకుపచ్చ గీత ఉందంటే అక్కడ చూడచక్కని దృశ్యాలున్నట్టు. తెల్ల రోడ్డు, పక్కన పచ్చ గీత... సైకిలుకి అంతకన్నా ఏం కావాలి? ఇంతకీ టైర్ల కంపెనీకి మ్యాపులతో పనేంటి అంటారా? జనం ఎంత తిరిగితే టైర్లు అంత అరుగుతాయి మరి!

అరచెయ్యి లాంటి జిల్లా

ఇలాంటి దారులు దేశమంతటా ఉన్నా, ‘గుట్టలు ఎక్కుతూ దిగుతూ తొక్కాలి, కానీ మరీ పర్వతాలు వద్దు’ అనేవాళ్లకి సరిగ్గా సరిపోయేది నైరుతి మూలనున్న గాస్కనీ ప్రాంతం. అందులోనూ జెర్స్ జిల్లా. ఓష్ అనే పట్నం దాని కేంద్రం. ‘త్రీ మస్కటీర్స్’ నవల చదివినవాళ్లకి అందులోని దార్తాన్యన్ గుర్తుంటాడు కదా, ఆ పాత్రకు మూలమైన అసలు మనిషి పుట్టింది ఈ జిల్లాలోని లూపియాక్ అనే పల్లెలోనే.

మ్యాపులో జెర్స్‌ని చూస్తే వేళ్లు చాపిన అరచెయ్యిలా ఉంటుంది. దక్షిణాన, పిరెనీస్ పర్వతాల పాదాల దగ్గర లానమెజాన్ అనే పీఠభూమి ఉంది. అక్కణ్నుంచి సావ్, జిమోన్, అరాట్స్, జెర్స్, బాయిజ్, ఓస్... ఇలా చిన్న నదులు విసనకర్ర పుల్లల్లా విడిపోయి ఉత్తరానికి పారుతుంటాయి. నదికీ నదికీ మధ్య పొడవాటి మెట్టనేల. సైకిలు తొక్కేవాళ్లు తెలుసుకోవాల్సిన రహస్యమంతా ఇందులోనే ఉంది. ఉత్తర దక్షిణాలుగా నది ఒడ్డున వెళ్తే దారి దాదాపు చదును. మెట్ట మీద వెళ్తే మొదట ఒక్కసారి కష్టపడి ఎక్కాలి, తర్వాత అటూ ఇటూ రెండు లోయలూ చూసుకుంటూ పోవచ్చు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు దక్షిణాన పిరెనీస్ మంచు శిఖరాలు వరసగా కనిపిస్తాయి. పొరపాటున తూర్పు నుంచి పడమరకి బయలుదేరారో... అయిపోయినట్టే! ప్రతి నదికీ ఓసారి దిగడం, ప్రతి మెట్టకీ ఓసారి ఎక్కడం. గుట్టలు పెద్ద ఎత్తేమీ ఉండవు. కానీ పొద్దుట్నుంచీ పదిసార్లు ఎక్కితే సాయంత్రానికి కాళ్లు లెక్క చెబుతాయి.

ఒక్కరోజే ఉందనుకుంటే మొదలుపెట్టడానికి లెక్తూర్ బాగుంటుంది. కొండ మీది ఊరు. పాతకాలం గోడలు, చర్చి గోపురం, కింద లోయ. ఇక్కడి ఖర్బూజాలకు దేశమంతా పేరు. ఇక్కణ్నుంచి పడమరగా పదిహేను కిలోమీటర్లకు పైగా వెళ్తే లా రోమ్యూ వస్తుంది. అసలీ దారి సైకిళ్లకన్నా ముందు కాలినడక భక్తులది. ఫ్రాన్సులోని ల పూయి నుంచి స్పెయిన్‌లోని శాంటియాగో దాకా వందల ఏళ్లుగా యాత్రికులు నడిచే బాట లెక్తూర్, లా రోమ్యూ, కొందోమ్‌ల మీదుగానే వెళ్తుంది. వీపున సంచి, దానికో గవ్వ, చేతిలో కర్ర... అలాంటివాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

లా రోమ్యూలో పిల్లలకు నచ్చే సంగతి ఒకటుంది. ఊళ్లోకి అడుగుపెట్టి తలెత్తి చూస్తే కిటికీల మీదా గోడల మీదా రాతి పిల్లులు! ఒకటి నిద్రపోతుంటుంది, ఇంకొకటి తొంగి చూస్తుంటుంది. దాని వెనకో కథ చెబుతారు. పద్నాలుగో శతాబ్దంలో ఊళ్లో ఘోరమైన కరవొచ్చిందట. తినడానికేమీ లేక జనం చివరికి పిల్లుల్నీ వదల్లేదట. ఆంజెలీన్ అనే అనాథ పిల్ల మాత్రం రెండు పిల్లుల్ని అటక మీద దాచింది. కరవు తీరింది, పంట పండింది. అప్పుడు ఎలుకలు పడ్డాయి. పిల్లులేవీ? ఆంజెలీన్ దాచిన జంట, వాటి పిల్లలూ కలిసి ఊరిని కాపాడాయట. కథ నిజమో కాదో గానీ, ఈ కాలంలోనే ఓ శిల్పి ఊరంతా ఆ పిల్లుల్ని చెక్కిపెట్టాడు. సైకిలు దిగి వాటిని లెక్కపెట్టకుండా వెళ్లేవాళ్లు తక్కువ.

ఆ తర్వాత కొందోమ్. బాయిజ్ నది ఒడ్డున కాస్త పెద్ద ఊరు. మధ్యాహ్నం భోజనానికి ఆగాల్సింది ఇక్కడే. అక్కణ్నుంచి ఐదారు కిలోమీటర్లలో లారెసాంగ్ల్. ఊరంటే ఊరు కాదు, చుట్టూ కోటగోడతో ఓ గుప్పెడు ఇళ్లు. గోడ చుట్టూ నడిచి రావడానికి పది నిమిషాలు చాలు. ఇంకాస్త వెళ్తే ఫూర్సెస్. ఈ ప్రాంతంలో పదమూడో శతాబ్దంలో కొత్తగా వేసిన ఊళ్లు చాలావరకు చదరపు సంత మైదానం చుట్టూ కట్టినవే. ఇది మాత్రం గుండ్రంగా ఉంటుంది. మధ్యలో చెట్లు, చుట్టూ వలయంలా చెక్కదూలాల ఇళ్లు, వాటి కింద వసారాలు. మొత్తం కలిపితే నలభై యాభై కిలోమీటర్లు. రోజూ వ్యాయామం చేసేవాళ్లు పూటలో తొక్కేస్తారు. కానీ పూటలో తొక్కేయడానికి అంతదూరం వెళ్లడమెందుకు?

తిండి విషయంలో శాకాహారులకు కాస్త ఇబ్బందే. జెర్స్ అంటేనే బాతు. సూపు నుంచి వేపుడు దాకా అన్నింట్లోనూ అదే. అయితే మేక జున్ను వేసిన సలాడు, ఆమ్లెట్టు, ఇంకా వేడి తగ్గని రొట్టె ఎక్కడైనా దొరుకుతాయి. వెల్లుల్లి అంటే ఇష్టమున్నవాళ్లకి తూర్పున లొమాన్ ప్రాంతం స్వర్గమే. అక్కడ తెల్లవెల్లుల్లి ప్రత్యేకం, జడలుగా అల్లి అమ్ముతారు. ఇక తప్పకుండా రుచి చూడాల్సింది పాస్తిస్ గాస్కోన్. పిండిని అవతల వస్తువు కనిపించేంత పల్చగా సాగదీసి, పొరలుపొరలుగా మడిచి, లోపల ఆపిల్ ముక్కలు పెట్టి కాలుస్తారు. చూడగానే తెలుగువాళ్లకు ఆత్రేయపురం పూతరేకులు గుర్తురాక మానవు. పైన స్థానికంగా కాచే అర్మన్యాక్ మద్యం కాస్త చిలకరిస్తారు కాబట్టి, వద్దనుకునేవాళ్లు ముందే అడగడం మంచిది.

మరి మనుషులేరీ?

ఇంత అందమైన చోట రోడ్డు మీద మనుషులెందుకు లేరు? సమాధానం ఊరి మధ్యలోనే ఉంటుంది. ఎంత చిన్న పల్లె అయినా చర్చి పక్కన ఓ రాతిస్తంభం కనిపిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు దాని మీద చెక్కి ఉంటాయి. ఆ నాలుగేళ్లలో ఫ్రాన్సు పోగొట్టుకున్న సైనికులు దాదాపు పద్నాలుగు లక్షల మంది. పాతిక గడపలున్న ఊళ్లోనూ పది పన్నెండు పేర్లుంటాయి. ఒకే ఇంటిపేరు రెండుసార్లు, మూడుసార్లు వరసగా కనిపించిందంటే... అన్నదమ్ములన్నమాట. నీళ్లు తాగడానికి ఆగిన సైకిలువాళ్లు ఆ పేర్లు చదువుతూ కాసేపు నిలబడిపోతారు.

యుద్ధం ఒక్కటే కారణం కాదు. జెర్స్‌లో 1846లో మూడు లక్షలమందికి పైగా ఉండేవారు. ఇప్పుడున్నది 1.9 లక్షలు! తీసుకున్న నేల తక్కువేం కాదు, 6,257 చదరపు కిలోమీటర్లు. పోల్చుకోవాలంటే మన ఉమ్మడి కృష్ణా జిల్లా 8,700 చదరపు కిలోమీటర్లలో 2011 నాటికే 45 లక్షల మంది ఉన్నారు. జెర్స్‌లో చదరపు కిలోమీటరుకు ముప్ఫై మంది.

అలా ఎందుకైంది? భూమి ముక్కలైపోతుందని రైతులు ఒక్క బిడ్డతోనే సరిపెట్టుకున్నారు. చట్టప్రకారం ఆస్తి పిల్లలందరికీ పంచాల్సిందే మరి. తర్వాత, పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఫైలోక్సెరా అనే పురుగు పట్టి ద్రాక్షతోటలు నాశనమయ్యాయి. కుర్రాళ్లు బోర్డో, టూలూజ్, పారిస్‌ల దారి పట్టారు. ఆపైన యుద్ధం. 1920ల నాటికి దున్నేవాళ్లు లేక పొలాలు బీళ్లుగా పడుంటే ఉత్తర ఇటలీ నుంచి రైతు కుటుంబాలు వచ్చి సాగు చేసుకున్నాయి. ఇప్పటికీ ఈ పల్లెల్లో ఇటలీ ఇంటిపేర్లు చాలానే వినిపిస్తాయి. అప్పటికి ట్రాక్టరు ఇంకా రాలేదు. అది వచ్చాక పదిమంది పని ఒక్కడితో అయిపోయింది.

ఇక్కడో విచిత్రం. ఊరూరికీ మంచి దారి ఉండాల్సిందే, ఆ బాధ్యత ఊరిదే అని ఫ్రాన్సు చట్టం చేసింది 1836లో. జెర్స్‌లో జనం కిటకిటలాడిందీ సరిగ్గా ఆ రోజుల్లోనే. సంతకెళ్లే బళ్ల కోసం, బడికెళ్లే పిల్లల కోసం, పెళ్లిళ్లకూ చావులకూ తిరిగే చుట్టాల కోసం గుట్ట గుట్టకూ దారి పడింది. ఆ మనుషులు వెళ్లిపోయారు. దారులు మాత్రం ఉండిపోయాయి. తర్వాతి కాలంలో వాటికి తారు కూడా వేశారు. ఇవాళ సైకిలువాళ్లు ‘ఆహా, ఎంత నిశ్శబ్దం’ అని మురిసిపోయేది ఆ దారుల మీదే.

ఇది ఒక్క జెర్స్ కథ కాదు. ఫ్రాన్సులో దాదాపు 35 వేల గ్రామ, పట్టణ పంచాయతీలుంటే వాటిలో సగానికి పైగా ఐదొందల మంది కూడా లేనివే. పల్లెకు ప్రాణంలాంటి కాఫీ దుకాణాలు 1960లో దేశం మొత్తం మీద సుమారు రెండు లక్షలుండేవి. ఇప్పుడు నలభై వేల లోపే. చాలాచోట్ల దుకాణం బోర్డు మాత్రం గోడ మీద వెలిసిపోయి ఉంటుంది. రొట్టె కోసం వ్యానొస్తుంది. డ్రైవరు హారన్ కొడితే ముసలమ్మలు సంచులు పట్టుకుని బయటికొస్తారు. కొన్నిచోట్ల ఆ వ్యాను కూడా లేదు, డబ్బులేస్తే బగెత్ రొట్టె బయటికొచ్చే మిషను పెట్టారు. ఆ రొట్టె తయారీకి 2022లో యునెస్కో గుర్తింపు వచ్చిందని గొప్పగా చెప్పుకుంటారు గానీ, కాల్చే బేకరీ ఊళ్లో ఉంటే కదా! అటు పాలమూరు, అనంతపురం వలస ఊళ్లనూ ఇటు పిల్లలు అమెరికా వెళ్లగా తాళాలు పడిన కోస్తా లోగిళ్లనూ చూసినవాళ్లకి ఈ బొమ్మ కొత్తదేం కాదు.

అయితే కథ అక్కడితో ఆగిపోలేదు. 1999లో లక్షా డెబ్భై రెండు వేలకు పడిపోయిన జెర్స్ జనాభా ఆ తర్వాత మెల్లగా పెరిగింది. టూలూజ్‌లో ఉద్యోగం చేస్తూ ఇక్కడ ఇల్లు కొనుక్కునేవాళ్లు కొందరు. పాత రైతుల ఇళ్లు బాగుచేసుకుని స్థిరపడిన ఆంగ్లేయులూ డచ్చివాళ్లూ ఇంకొందరు. వాళ్లలో కొంతమంది రెండు మూడు గదులు అద్దెకిస్తారు, పొద్దున్నే ఫలహారం పెడతారు. ఆ గదులకు వచ్చేవాళ్లలో సైకిలు యాత్రికులూ ఉంటారు. కారులో వచ్చినవాడు ఊరిని కిటికీలోంచి చూసి వెళ్లిపోతాడు. సైకిలు మీద వచ్చినవాడికి ఆకలేస్తుంది, దాహమేస్తుంది, చీకటి పడితే పడక కావాలి. మూతపడబోయే కొట్టుకి అతనే బేరం.

రైలు ఆగింది... సైకిలు కదిలింది

ఈ కిటుకు ముందుగా పట్టుకున్నది బర్గండీ ప్రాంతం. ద్రాక్షతోటలకు పేరుపొందిన జివ్రీ నుంచి క్లూనీ దాకా పూర్వం రైలు నడిచేది. అది ఆగిపోయాక పట్టాలు తీసేశారు. ముళ్లకంపలు పెరుగుతున్న ఆ కట్ట మీద తారేసి, 1997లో సైకిళ్లకూ నడిచేవాళ్లకూ ఇచ్చేశారు. మొత్తం 44 కిలోమీటర్లు. దేశంలో ‘వ్వా వెర్త్’, అంటే పచ్చదారి అని పేరు పెట్టుకున్న మొట్టమొదటి బాట అదే. రైలుకి ఎత్తులు పనికిరావు కాబట్టి ఎక్కడా పెద్దగా ఎక్కడాలుండవు. చిన్నపిల్లలతో వెళ్లే కుటుంబాలకు ఇంతకన్నా మంచి దారి దొరకడం కష్టం. తర్వాత దాన్ని దక్షిణంగా మాకోన్ పట్నం అంచుదాకా పొడిగించారు. మధ్యలో బ్వా క్లేర్ అనే సొరంగం, కిలోమీటరున్నర పైన పొడవు. మండువేసవిలో కూడా లోపల చలేస్తుంది! చలికాలంలో మాత్రం దాన్ని మూసేస్తారు. ఎందుకంటే అప్పుడక్కడ గబ్బిలాలు నిద్రపోతుంటాయి. వాటికి ఇబ్బంది కలగకూడదని సైకిళ్లను కొండమీది దారికి మళ్లిస్తారు.

లోయర్ నది వెంట సాగే తొమ్మిదొందల కిలోమీటర్ల దారి గురించి చాలామంది వినే ఉంటారు. రాజుల కోటలూ నది అందాలూ నిజమే గానీ, వేసవి సెలవుల్లో అక్కడ సైకిళ్ల రద్దీ ఎక్కువ. ప్రశాంతత కావాలంటే పారిస్ నుంచి మోన్ సాన్ మిషెల్ దాకా వెళ్లే 450 కిలోమీటర్ల ‘వెలోసెని’ దారి నయం. మధ్యలో పెర్ష్ అనే గుట్టల ప్రాంతం వస్తుంది. బలిష్ఠమైన పెర్షెరాన్ గుర్రాలది ఆ ఊరే. కంచెలుగా పెంచిన పొదలు, ఆపిల్ తోటలు, పెంకుటిళ్లు... మెల్లగా తొక్కాల్సిన చోటు.

ఈ బాటల వెంట బస చూసుకునేవాళ్లు తలుపు మీద ‘అక్యూయ్ వెలో’ అనే గుర్తుందేమో చూస్తే సరి. ఉందంటే సైకిలు భద్రంగా పెట్టుకునే చోటూ మరమ్మతు సామానూ ఉంటాయని నమ్మకం. దారికి ఐదు కిలోమీటర్ల లోపున్న వసతులకే ఆ గుర్తిస్తారు.

శాకాహారి సైకిలు స్వామి

అసలు సైకిలు మీద ఊరికే తిరగడాన్ని ఫ్రాన్సుకి నేర్పింది ఒక పత్రికా సంపాదకుడంటే ఆశ్చర్యంగా లేదూ! సాంతెతియెన్ పట్నంలో ఉండే పాల్ డి వివీ 1887లో సైకిలు పత్రిక పెట్టాడు. అందులో ‘వెలోసియో’ అనే కలంపేరుతో రాసేవాడు. ఎత్తుపల్లాల దారిలో ఒక్క గేరుతో తంటాలు పడటం దేనికి, గేర్లు మార్చుకునే ఏర్పాటుండాలి అని పట్టుబట్టాడు. అప్పట్లో మొనగాళ్లంతా నవ్వారు. గేర్లు ఆడవాళ్లకీ ముసలివాళ్లకీ అన్నారు. టూర్ డి ఫ్రాన్స్‌లో గేరు మార్చే యంత్రానికి అనుమతి దొరికింది 1937లో. అప్పటికి వెలోసియో చనిపోయి ఏడేళ్లయింది. పూర్తి శాకాహారి అయిన ఆయన చెప్పిన సూత్రాలు ఇప్పటికీ పాతబడలేదు. ఆకలి వేయకముందే తిను, దాహం వేయకముందే తాగు, ఎవరికో చూపించుకోవడానికి తొక్కకు. కొండదారుల్లో వేల కిలోమీటర్లు తిరిగిన ఆ పెద్దాయన 1930లో సొంత ఊళ్లో, సైకిలు నడిపించుకుంటూ వెళ్తుండగా ట్రాము ఢీకొని కన్నుమూశాడు.

ఆయన పోయిన ఆరేళ్లకు, 1936లో ఫ్రాన్సు కార్మికులకు మొదటిసారి జీతంతో కూడిన రెండు వారాల సెలవు దక్కింది. ఆ వేసవిలో ఎంతోమంది జంటలు ఇద్దరు తొక్కే సైకిళ్ల మీద డేరా కట్టుకుని పల్లెదారి పట్టాయి. కార్లు కొనే స్తోమతు ఎవరికుంది! పల్లెల్లో ఇప్పటికీ సైకిలువాడిని చూడగానే పెద్దవాళ్లు చెయ్యెత్తి ‘బోన్ రూత్’, శుభయాత్ర అనడం ఆనాటి అలవాటే కావచ్చు.

చెయ్యెత్తడం సరే, చట్టం మాటేంటి? సైకిలుని దాటేటప్పుడు ఊళ్లో అయితే మీటరు, ఊరు దాటాక మీటరున్నర ఎడమివ్వాలని అక్కడి నిబంధన. ఎదురుగా వేరే వాహనం వస్తుంటే కారు డ్రైవర్లు చాలామంది సైకిలు వెనకాలే నెమ్మదిగా వస్తారు, హారన్ కొట్టరు. మనవాళ్లకు మొదటిరోజు ఇదే వింత.

అయితే జాగ్రత్తలూ ఉన్నాయి. అక్కడ కుడిచేతి వైపు నడపాలి. అలవాటు కొద్దీ ఎడమవైపు తిరిగితే ప్రమాదం. చిన్న ఊళ్లలో కుడివైపు సందులోంచి వచ్చే వాహనానికే మొదటి హక్కు, అది ఎంత చిన్న సందైనా సరే. చీకటి పడ్డాక ఊరి బయట మెరిసే చొక్కా తప్పనిసరి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్టూ తప్పనిసరే. పెద్దలకు చట్టం చెప్పకపోయినా పెట్టుకోవడమే తెలివి. ఇక అన్నింటికన్నా ముఖ్యమైనది గడియారం. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండింటిదాకా భోజనం. రెండు దాటిందా, హోటల్లో పొయ్యి ఆరిపోతుంది. ఎంత బతిమాలినా లాభం లేదు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా చాలా ఊళ్లలో కొట్లు తెరవరు. శనివారమే సంచిలో రొట్టె, అరటిపళ్లు వేసుకున్నవాడే బుద్ధిమంతుడు. నీళ్లకు మాత్రం ఓ ఉపాయముంది. శ్మశానం! పూలకుండీలకు పోయడానికి అక్కడ కుళాయి ఉంటుంది. తాగడానికి పనికిరావు అని పలక పెట్టకపోతే ధైర్యంగా సీసా నింపుకోవచ్చు. పూర్వాచారం ప్రకారం తడి బట్టలతో శుద్ధి చేసుకునేవాళ్లు ఏమంటారో గానీ, సైకిలువాళ్లకి అది చలివేంద్రమే.

వెళ్లడానికి మే, జూన్, సెప్టెంబరు మంచి నెలలు. పొద్దుతిరుగుడు పూలే చూడాలనుకుంటే జులై. కానీ గాస్కనీ ఎండ అప్పుడు మన ఎండకేం తీసిపోదు. సైకిలు ఇక్కణ్నుంచి మోసుకెళ్లక్కర్లేదు, పట్నాల్లో అద్దెకు దొరుకుతాయి. గుట్టలంటే భయపడేవాళ్లకి బ్యాటరీ సైకిళ్లున్నాయి. ప్రాంతీయ రైళ్లలో చాలావరకు సైకిలుని వెంట ఎక్కించుకోవచ్చు. టూలూజ్ నుంచి ఓష్ దాకా అలాంటి రైలుంది.

కార్డుముక్క పంపితే చాలు

వీటన్నిటికీ తీరికా డబ్బూ ఉండాలి, నిజమే. అయినా మన సైకిలువాళ్లు ఆ పల్లెదారుల్ని చూడకుండా ఏం లేరు. అయితే వాళ్లు వెళ్లింది విహారానికి కాదు. పారిస్ శివార్ల నుంచి అట్లాంటిక్ తీరాన బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగిరావాలి. 1,200 కిలోమీటర్లు, తొంభై గంటల్లోపు. నిద్ర, తిండి, పంక్చర్లు అన్నీ అందులోనే. 1891లో మొదలైన ఈ ‘పారిస్-బ్రెస్ట్-పారిస్’లో తొలి విజేత షార్ల్ తెరోన్ 71 గంటల 22 నిమిషాల్లో పూర్తిచేశాడు. గాలి నింపే మిషెలిన్ టైర్లు వేసుకుని! ఇప్పుడది పందెం కాదు, గడువులోపు పూర్తిచేస్తే చాలు. నాలుగేళ్లకోసారి జరుగుతుంది. పాల్గొనాలంటే అదే ఏడాది 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు ముందే చేసి ఉండాలి. హైదరాబాద్ రాండనూర్స్ లాంటి క్లబ్బులు మన దగ్గర నిర్వహించేవి అవే. 2019లోనూ 2023లోనూ రాంబూయే నుంచి బయలుదేరిన ఆరు వేల పైచిలుకు మందిలో భారతీయులు వందల సంఖ్యలో ఉన్నారు. మళ్లీ 2027లో.

దారి దాదాపు అంతా డి రోడ్లే. పెర్ష్ గుట్టలు, ఆపై బ్రిటనీ గుట్టలు. చిన్నచిన్నవే అయినా అన్నీ కలిపితే పదకొండు వేల మీటర్ల పైన ఎక్కుడు. ఎవరెస్టు ఎత్తు కన్నా ఎక్కువ! మన హైవేల మీద సాధన చేసి వెళ్లినవాళ్లను దెబ్బతీసేది దూరం కాదు, ఆ ఎక్కుడు దిగుళ్లూ రాత్రి చలీ.

కానీ ఆ నాలుగు రోజులు పల్లెల్లో నిశ్శబ్దం ఉండదు. మూడు వేల మంది కూడా లేని విలేన్-లా-జువెల్ అనే ఊరు మొత్తం వీధిలోకి వస్తుంది. పిల్లలు యాత్రికుల చేతిలోని పళ్లేలు అందుకుని బల్లదాకా మోసుకెళ్తారు. అర్ధరాత్రి రెండింటికి, ఎక్కడో రోడ్డు మలుపులో ఓ ఇంటిముందు దీపం వెలుగుతుంటుంది. బల్ల మీద కాఫీ, నీళ్లు, బిస్కెట్లు. పక్కన ఓ ముసలాయన దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చుని ఉంటాడు. డబ్బులిస్తే తీసుకోడు.

లా తానియేర్ అనే చిన్న పల్లెలో ఓ కుటుంబం ఏళ్ల తరబడి అలాగే చేసింది. వచ్చినవాళ్లందరికీ వేడివేడిగా క్రెప్‌లు వేసి పెట్టేవారు. మన గోధుమ అట్ల లాంటివే, ఇంకాస్త పల్చన. రాత్రనక పగలనక, అన్నీ ఉచితం. వాళ్లు అడిగింది ఒక్కటే. ఇల్లు చేరాక మీ ఊరి నుంచి ఓ పోస్టుకార్డు పంపండి అని. తినడం అయిపోయాక అడ్రసు చీటీ చేతిలో పెట్టేవారు. అలా వచ్చిన కార్డులన్నీ తర్వాతిసారి యాత్ర జరిగినప్పుడు రోడ్డు పక్కనే అట్టల మీద అంటించి పెట్టారు. సైకిలు దిగినవాళ్లు అట్టు తింటూ, దీపం వెలుతురులో తమ ఊరి కార్డు ఎక్కడుందా అని వెతుక్కునేవారు.